వేటలో తూటా లోతుకు దిగాలంటే ఏది ముఖ్యం: ఎనర్జీనా, మొమెంటమా, తయారీనా?

కిరణ్_డాలస్:
ఇక్కడ టెక్సాస్‌లో అడవి పందుల బెడద మామూలుగా లేదు. రాత్రికి రాత్రి పొలాన్ని దున్నేసినట్టు చేసి పోతాయి. అందుకే పొలం యజమాని అనుమతితో వాటిని వేటాడతాం. మా బృందంలో మొదలైన ఒక వాదన ఎంతకీ తెగట్లేదు, మీ ముందు పెడుతున్నాను.

మిత్రుడిది .22-250 రైఫిల్. 55 గ్రెయిన్ల తూటా (గ్రెయిన్ అంటే సుమారు 0.065 గ్రాము), సెకనుకు 3,680 అడుగుల వేగం, ఎనర్జీ దాదాపు 1,650 ఫుట్ పౌండ్లు. నాది పాత .45-70. 405 గ్రెయిన్లు, 1,330 అడుగులు, ఎనర్జీ దాదాపు 1,590. కాగితం మీద అతనిదే కాస్త ఎక్కువ. అతను కొట్టిన ఒక పెద్ద మగ పందిని కోస్తుంటే పక్కనే ఉన్నాను. వాటికి భుజం మీద తోలు కింద గట్టి పొర ఒకటి ఉంటుంది, కత్తి కూడా తేలిగ్గా దిగదు. గాయం అరచేయంత వెడల్పు. లోపల సీసం పొడి, చిరిగిన రాగి తొడుగు ముక్కలు. కింద పక్కటెముక మీద గీత కూడా పడలేదు. మెడలో రెండో తూటా పడ్డాకే అది చచ్చింది. నా .45-70 తూటా అయితే అలాంటి పందిని ఈ పక్క నుంచి ఆ పక్కకు దాటిపోతుంది.

కాబట్టి నేననేది, చూడాల్సింది ఎనర్జీని కాదు, మొమెంటాన్ని. బరువును వేగంతో గుణిస్తే నా తూటాది రెండున్నర రెట్ల పైనే. ఏమంటారు?

హర్ష_ఐడహో:
కిరణ్ బ్రో, ఈ గొడవ అమెరికాలో మన నాన్నల కాలం నుంచీ ఉంది. తుపాకుల గురించి రాసే ఎల్మర్ కీత్ లావు తూటా, ఎక్కువ బరువు కావాలనేవాడు. ఇంకో వేట రచయిత జాక్ ఓకానర్ .270 రైఫిల్ చేతబట్టి, 130 గ్రెయిన్లు 3,060 అడుగుల వేగంతో వెళ్తే చాలనేవాడు. ఆయన జీవితమంతా దానితో వేటాడి చూపించాడు కూడా.

చట్టాలు ఎనర్జీనే ఎందుకు పట్టుకున్నాయి? కొలరాడోలో జింకల్లాంటి పెద్ద జంతువుల వేటకు 100 గజాల దూరంలో 1,000 ఫుట్ పౌండ్లు ఉండి తీరాలి. జంతువును చంపేది గాయం. గాయం చేయాలంటే పని జరగాలి, పని అంటే ఎనర్జీయే. అటుపక్కకు దాటిపోయిన నీ తూటా మిగిలిన ఎనర్జీని మట్టిలో పోసింది. దాన్ని గొప్పగా ఎందుకు చెప్పుకోవాలి?

మాస్టారు_తెనాలి:
రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్‌ని. తుపాకి పట్టలేదు కానీ ఈ లెక్క నాకిష్టమైనది. ఇద్దరూ చెరో సగం చెప్పారు.

తూటాను ఆపే బలం మొదటి నుంచి చివరి వరకు ఒకేలా ఉంటే, లోతు ఎనర్జీని బట్టి ఉంటుంది. అక్కడ హర్ష చెప్పిన ఎనర్జీ లెక్క సరిపోతుంది. కానీ మాంసంలో ఎక్కువ భాగం నీరే. రైఫిల్ వేగాల దగ్గర నిరోధం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. వేగంగా వచ్చిన తూటా అంతే తొందరగా వేగం పోగొట్టుకుంటుంది. అప్పుడు లోతును ప్రధానంగా తేల్చేది, తూటా ముందు భాగంలో ఒక్కో చదరపు అంగుళం వెనక ఎంత బరువుందన్నది. దాన్నే సెక్షనల్ డెన్సిటీ అంటారు. వేగం పెంచితే లోతు పెరుగుతుంది కానీ లాగరిథమ్ లెక్కన, అంటే నెమ్మదిగా.

ఇప్పుడు కిరణ్ గారి పంది. .45-70 తూటా సెక్షనల్ డెన్సిటీ 0.276, .22-250ది 0.157. తేడా రెండు రెట్లు కూడా లేదు. ఒకటి అటుపక్కకు దాటిపోవడానికి, ఇంకొకటి పక్కటెముకను తాకకపోవడానికి ఇంత తేడా చాలదు. అసలు తేడా తూటా శరీరంలోకి వెళ్లాక వచ్చింది. సన్న తొడుగున్న చిన్న తూటా ముక్కలైపోయింది. ఒక్కో ముక్క సెక్షనల్ డెన్సిటీ ఇంకెంతో తక్కువ. తూటా విచ్చుకుని వ్యాసం రెట్టింపైనా ముందు భాగం వైశాల్యం నాలుగు రెట్లవుతుంది, అంటే ఆ సంఖ్య పావు వంతుకు పడిపోతుంది. గొట్టం దగ్గర లెక్కగట్టిన ఎనర్జీలోనూ మొమెంటంలోనూ ఈ సంగతి ఎక్కడా కనిపించదు.

మొమెంటమే అన్నీ అయితే బాణం సంగతేమిటి? 400 గ్రెయిన్లు, 270 అడుగుల వేగం. ఎనర్జీ 65 ఫుట్ పౌండ్లు, మొమెంటం ఆ .22-250 తూటాలో సుమారు సగం. అయినా పదునైన ములికి ఉన్న బాణం జింక పక్కటెముకల మధ్య పడితే తరచూ అటుపక్కకు వచ్చేస్తుంది. సన్నగా, పొడవుగా ఉంటుంది, కోసుకుంటూ పోతుంది, ఆకారం మారదు.

సిద్దు_రీలోడర్:
మాస్టారికి దండం. దీనికి వేటలోనే సాక్ష్యముంది. డబ్ల్యూ.డి.ఎం. బెల్ ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగుల్ని కొట్టాడు, వాటిలో చాలా 7x57 మౌజర్ అనే చిన్న రైఫిల్‌తోనే. 173 గ్రెయిన్ల గుండ్రటి ముక్కు సాలిడ్ తూటా, సుమారు 2,300 అడుగులు, ఎనర్జీ 2,000 పైచిలుకు. కానీ సెక్షనల్ డెన్సిటీ 0.3 పైన, ఉక్కు తొడుగు, ఎముక తగిలినా విచ్చుకోదు. ఏనుగు పుర్రెను రంపంతో కోయించి మెదడు ఎక్కడుందో చూసుకున్న మనిషి ఆయన.

1948లో జాన్ టేలర్ అనే ఆఫ్రికా వేటగాడు నాకౌట్ సూత్రం ఇచ్చాడు: బరువును వేగంతో, వ్యాసంతో గుణించి 7,000తో భాగించాలి. బెల్ తూటాకు 16 వస్తుంది, .458 విన్‌చెస్టర్ మాగ్నమ్ అనే పెద్ద రైఫిల్ తూటాకు 66 దాటుతుంది. కానీ టేలర్ ఆ సంఖ్య చెప్పింది, తూటా మెదడును తప్పినా ఏనుగు ఎంత దిమ్మెరపోతుందన్నదానికి. లోతు కోసం కాదు. జనం దాన్ని అన్నిటికీ వాడేస్తున్నారు.

ఇంకోటి. 1946లో జాన్ నాస్లర్ అనే అమెరికన్ వేటగాడు .300 హెచ్ అండ్ హెచ్ రైఫిల్‌తో మూస్‌ను (భారీ దుప్పి జాతి) కొడితే తూటా భుజం మీదే పగిలిపోయింది. ఆయనేం పెద్ద తుపాకి కొనలేదు. తూటా మధ్యలో అడ్డగోడ పెట్టాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం నిలబడుతుంది. 1948 కల్లా ఆ పార్టిషన్ తూటాలు అమ్మకానికొచ్చాయి.

వనజ_తిరుపతి:
మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ఆగింది, ఆగాలి కూడా. బెల్ కొట్టిన లెక్కే చెప్తున్నారు. గాయంతో పారిపోయినవాటి లెక్క ఎవరు రాశారు? 1907లో చచ్చిన చంపావత్ (ఇప్పటి ఉత్తరాఖండ్) ఆడపులికి కుడివైపు కోరలు రెండూ విరిగిపోయి ఉన్నాయి. ఎవరో పేల్చిన తుపాకి దెబ్బ అది. ఆ నోటితో అడవి జంతువును పట్టుకోలేక మనుషుల మీద పడింది. 436 మంది పోయారని లెక్క. మా పక్క చామల లోయలో, మామండూరులో వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ .405 విన్‌చెస్టర్ రైఫిల్‌తో తిరిగింది కూడా మనుషుల్ని తినే పులుల కోసమే. సగం పని చేసి వదిలే తూటా గురించి మాట్లాడేటప్పుడు దీన్ని కూడా లెక్కలో వేయండి.

కిరణ్_డాలస్:
వనజ గారూ, ఆ మొదటి తూటాకీ రెండో తూటాకీ మధ్య ఆ పంది అరుపు విన్నాక నాకూ నిద్ర పట్టలేదు. ఈ ప్రశ్న అడిగింది అందుకే. మాస్టారూ, మొమెంటం వాదన పక్కన పెడుతున్నాను.

హర్ష_ఐడహో:
నేను పూర్తిగా ఒప్పుకోను. తూటా గట్టిగా ఉంటే చాలంటే, వేగం తగ్గిన చోట రాగి తూటా విచ్చుకోదు. సన్నటి బెజ్జం చేసి వెళ్లిపోతుంది, జంతువు మైళ్ల దూరం పరిగెడుతుంది. వనజ గారు భయపడే గాయం అది కూడా. విచ్చుకోవడానికి వేగం కావాలి.

సిద్దు_రీలోడర్:
ఆ మాట నిజమే హర్ష అన్నా, కానీ రెండో వైపు కూడా చూడు. మెత్తని సీసం తూటా 30 గజాల్లో ఎక్కువ వేగంతో తగిలి పగిలిపోతుంది, అదే తూటా 200 గజాల్లో వేగం తగ్గి ఇంకా లోతుకు దిగుతుంది. అంటే ఎనర్జీ తగ్గితే లోతు పెరిగింది. ప్రతి తూటాకూ ఒక వేగం పరిధి ఉంటుంది, పెట్టె మీద ఎనర్జీ కంటే ముందు అది వేయాలి.

కిరణ్, మీ మిత్రుడి .22-250లోనే 50 గ్రెయిన్ల రాగి తూటా పేల్చి చూడండి. తుపాకి అదే, ఎనర్జీ దాదాపు అదే, సెక్షనల్ డెన్సిటీ ఇంకాస్త తక్కువే. మారేది తయారీ ఒక్కటే. పంది మీద కాదు, తడిపిన న్యూస్‌పేపర్ కట్టల మీద.

హర్ష_ఐడహో:
300 గజాల్లో కూడా పేల్చండి. విచ్చుకున్న తూటాల ఫొటోలు పక్కపక్కన పెట్టండి, అప్పుడు మాట్లాడదాం.

కిరణ్_డాలస్:
శనివారం పేపర్లు నానబెడుతున్నాం. రెండు దూరాల్లోనూ కొలిచి ఇక్కడే పెడతాను.