కప్ప గుండెకు మూడే గదులు: ఇది తయారీ లోపమా?

ప్రశ్న (మోటారు మెకానిక్, హాలియా):
ఇరవై రెండేళ్లుగా బోరు మోటార్లు, బావి మోటార్లు బాగుచేస్తున్నాను. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ చదువుతోంది. నిన్న రాత్రి రికార్డులో కప్ప గుండె బొమ్మ గీస్తుంటే పక్కనే కూర్చున్నాను. పైన రెండు కర్ణికలు, కింద ఒకటే జఠరిక. మనకైతే జఠరికలు కూడా రెండు. ఊపిరితిత్తుల నుంచి వచ్చే మంచి రక్తం, ఒళ్లంతా తిరిగి వచ్చే చెడు రక్తం ఆ ఒక్క గదిలోకే చేరతాయట. మంచినీళ్ల పైపును, మురుగు పైపును ఒకే సంపులోకి వదిలితే ఇంటివాళ్లు నన్ను ఊరుకుంటారా? ‘పరీక్షలో అలాగే రాయాలి నాన్నా’ అంటుంది తప్ప ఎందుకో చెప్పదు.

పోయిన వేసవిలో పెద్దవూర దగ్గర ఒక బావిలో ఫుట్‌వాల్వు మార్చడానికి దిగాను. మోకాలి లోతు నీళ్లు, అడుగున రాతి మీద ఒక కప్ప. నా పని అయ్యేదాకా, అరగంట పైమాటే, అది పైకి రాలేదు. చచ్చిందనుకుని వేలితో కదిపితే చటుక్కున జారుకుంది. ఇంత నాసిరకం గుండెతో అలా ఎలా ఉండగలిగింది?

జవాబు (జంతుశాస్త్రం రిటైర్డ్ లెక్చరర్, నల్లగొండ):
నాసిరకం అనకు తమ్ముడూ. మా కాలంలో మైనపు ట్రేలో బోదురు కప్పను పడుకోబెట్టి కోసేవాళ్లం. ఆ పని నాకు ఏనాడూ నచ్చలేదు, కానీ ఒక్కటి మరచిపోలేను: గుండెను బయటికి తీసి ఉప్పునీటి ద్రావణంలో వేసినా చాలాసేపు కొట్టుకుంటూనే ఉండేది. స్టార్టరు దాని లోపలే ఉంది. మన గుండెకూ అంతే, మెదడు ఆజ్ఞ కోసం ఆగదు.

ఇక నీ బావి కప్ప సంగతి. కప్ప చర్మంతో కూడా ఊపిరి పీలుస్తుంది. చల్లటి నీళ్లలో కదలకుండా కూర్చుంటే చాలాసేపు దానితోనే గడిచిపోతుంది. చర్మం దగ్గర ప్రాణవాయువు అందుకున్న రక్తం తిరిగి చేరేది కుడి కర్ణికకే. అంటే నువ్వు మురుగు పైపు అనుకున్నదానిలోనూ కొంత మంచి నీరే వస్తోంది. పైగా జఠరిక లోపలి గోడ ముడతలు ముడతలుగా ఉంటుంది, బయటికి పోయే దారిలో సర్పిల కవాటం, అంటే మెలిక తిరిగిన వాల్వు ఉంటుంది. కాబట్టి రెండు రక్తాలూ పూర్తిగా కలిసిపోవు.

మన గుండె వరుసలో బిగించిన రెండు మోటార్లు. కుడిది ఎంత తోస్తే ఎడమది అంతే తోయాలి. నీటి అడుగున ఊపిరితిత్తులతో పని లేనప్పుడు కప్ప అటు పోయే రక్తాన్ని తగ్గించుకోగలదు. ఆ వెసులుబాటు మనకు లేదు.

నీకు నచ్చే తేడా ఇంకొకటి. కప్పకు పక్కటెముకలు లేవు, ఛాతీకీ పొట్టకీ మధ్య మనకుండే కండరపు పొర, విభాజక పటలం, లేదు. మనం గాలిని లోపలికి లాగుతాం, ఒడ్డున పెట్టిన మోటారులా. అది నోట్లోకి తీసుకున్న గాలిని గొంతుతో ఊపిరితిత్తుల్లోకి తోస్తుంది, సబ్‌మెర్సిబుల్‌లా. అందుకే నోరు తెరిచి పట్టుకుంటే ఊపిరితిత్తుల్లోకి గాలి తోసుకోలేదు.

జవాబు (స్టాఫ్ నర్సు, జడ్చర్ల):
అన్నా, తల్లి కడుపులో మనందరి గుండె కూడా కొంతవరకు అలాంటిదే. బిడ్డ ఊపిరితిత్తులకు అప్పుడు పని లేదు, మాయ నుంచే ప్రాణవాయువు వస్తుంది. అందుకే రెండు కర్ణికల మధ్య ఒక కిటికీ ఉంటుంది. తొలి ఏడుపుతో ఊపిరితిత్తులు తెరుచుకోగానే అది మూతపడుతుంది. పెద్దయ్యాక కూడా సుమారు నలుగురిలో ఒకరికి అది పూర్తిగా అతుక్కోదు, చాలామందికి ఆ సంగతే తెలియదు. కానీ పుట్టిన తర్వాత రక్తాలు బాగా కలిసిపోతే బిడ్డ పెదవులు నీలంగా మారతాయి. మనకు ఆదుకునే చర్మం లేదు కదా. అలాంటి పసివాళ్లను చూశాను, అందుకే సంపు పోలిక చదివి నవ్వలేకపోయాను.

ప్రశ్న అడిగినవారు:
సార్, సబ్‌మెర్సిబుల్ మాట అమ్మాయికి చదివి వినిపించాను, రికార్డు అంచున పెన్సిల్‌తో రాసుకుంది. అక్కా, ఆ పోలిక వెనక్కి తీసుకుంటున్నాను. మా అమ్మ ఒకటి అడగమంటోంది: వానలు పడకపోతే కప్పతల్లిని రోకలికి కట్టి ఇంటింటా నీళ్లు పోస్తాం కదా, ఆ నీళ్లు అది తాగుతుందా?

జవాబు (రిటైర్డ్ లెక్చరర్, నల్లగొండ):
నోటితో తాగదు. పొట్ట కింద, తొడల దగ్గర ఉండే పలుచటి చర్మంతో నీటిని పీల్చుకుంటుంది. రోకలికి పొట్ట ఆనించి కడితే ముందు తడిసేది దాని వీపే. అమ్మకు నా నమస్కారం చెప్పు, ఆట అయ్యాక దాన్ని చెరువు గట్టున వదిలేయమను.