కార్తెల లెక్కా, తేదీల లెక్కా? డెల్టాలో రుతువుల పుస్తకం ఎలా రాయాలి

కోనసీమ_బడి:
బడి పిల్లలచేత ఏడాది పొడవునా చెట్లు, పిట్టలు, నీళ్ళలో వచ్చే మార్పులు రాయించాలని అనుకుంటున్నామండి. పుస్తకానికి గళ్ళు గీసే దగ్గరే పేచీ వచ్చింది. 27 కార్తెలకు 27 పేజీలు చాలని కొందరు, వారానికొకటి చొప్పున 52 పేజీలు కావాలని కొందరు. ఏది మేలో కారణంతో చెప్పండి.

మృగశిర:
కార్తెలే. తిథులతో కలిపి వీటినీ పక్కన పెట్టేయకండి. చాంద్రమానపు నెలలు జరుగుతాయి: ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2026లో మార్చి 19న వచ్చింది. 21 రోజుల తేడా. "ఉగాదికి వేప పూసింది" అని రాసుకుంటే రెండేళ్ళ తర్వాత దేనితో పోల్చాలి? కార్తె అలా కాదు. సూర్యుడు నక్షత్రంలో ప్రవేశించే లెక్క కాబట్టి ఏటా ఒక రోజు అటూ ఇటూగా అదే తేదీకి వస్తుంది. రోహిణి మే 25, మృగశిర జూన్ 8, ఆరుద్ర జూన్ 22. ఒక్కొక్కటి 13, 14 రోజులు. పూత రావడం, ఆకు రాలడం ఒక్క రోజులో తేలే పనులు కావు కదండీ, వాటికి ఈ గడువు సరిగ్గా సరిపోతుంది.

గట్టుమీద_వేప:
మృగశిర గారూ, రెండు అభ్యంతరాలు. మొదటిది చిన్నది. కార్తె నక్షత్రాన్ని పట్టుకుని నడుస్తుంది, రుతువు విషువత్తును (పగలూ రాత్రీ సమానమయ్యే రోజును) పట్టుకుని నడుస్తుంది. దాదాపు 71 ఏళ్ళకు ఒక రోజు చొప్పున రెండూ ఎడమవుతూ వస్తున్నాయి. ఐదు వందల ఏళ్ళ నాటి సామెత అయితే ఇప్పటికి ఏడు రోజులు జరిగిపోయింది.

రెండోది అసలైనది. పేజీ నెత్తిన "ఆరుద్ర" అని రాసి పెడితే పిల్లలు ఆ పక్షంలోనే ఆరుద్ర పురుగు కోసం వెతుకుతారు. ఆ ఎర్ర మఖమల్ పురుగుకు కార్తెతో పని లేదు. నేల బాగా తడిసే తొలి వానకు, ఇసుక కలిసిన నేలల్లో బయటికొచ్చి కొద్ది రోజులు తిరిగి మళ్ళీ లోపలికి పోతుంది. వాన రోహిణిలో పడితే రోహిణిలోనే కనిపిస్తుంది. ముందే పేరు రాసి పెట్టిన పుస్తకంలో అలా ముందొచ్చినది ఎవరి కంటా పడదు. మనకు కావలసింది సరిగ్గా అదే.

ఎర్రనీరు:
మీరిద్దరూ ఆకాశం లెక్కే చూస్తున్నారండి. ఇక్కడ రుతువును నడిపేది నీళ్ళు. అవి మూడు దారుల్లో వస్తాయి, ఏ దారికి ఆ క్యాలెండరు.

ఒకటి కాలువ. దాళ్వా (రెండో కారు వరి) పంట తేలాక వేసవిలో కాలువలు కట్టేస్తారు, సార్వాకు (వానాకాలపు వరికి) జూన్‌లో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర మళ్ళీ వదులుతారు. ఆ తేదీ అధికారులు నిర్ణయించేది, మబ్బు నిర్ణయించేది కాదు. నీళ్ళు రాగానే నారుమళ్ళలో కొంగలు దిగుతాయి, రాత్రి కప్పలు అందుకుంటాయి. పుస్తకంలో కాలువ గడి లేకపోతే ఇదంతా "తొలకరి" ఖాతాలో పడిపోతుంది.

రెండోది నది. జూలైలో గోదావరి ఎర్రబడేది ప్రాణహిత, ఇంద్రావతి, శబరి పరీవాహకాల్లో కురిసిన వానకు. ఇక్కడ చినుకు లేకపోయినా నీరు ఎర్రబడుతుంది, ఆ నీరు సముద్రంలో కలిశాకే పులస చేప ఎదురెక్కుతుంది. పెద్ద వరద 1986లో ఆగస్టులో వస్తే, 2022లో జూలైలోనే 25 లక్షల క్యూసెక్కులు దాటింది. కాబట్టి ధవళేశ్వరం నీటిమట్టం రోజూ రాయండి. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంకల్లో (నది మధ్య దిబ్బల్లో) రోజుల తరబడి మునిగిన చెట్టు ఆకు రాలిస్తే అది వరద పని. ఆ గడి పక్కనే లేకపోతే శిశిరం ముందొచ్చిందని చదువుకుంటారు.

మూడోది పోటు. కోరింగ మడ అడవుల దగ్గర ఒకే రోజు ఆటులో బురద తేలినప్పుడు కనిపించే ఉల్లంకి పిట్టలు పోటులో కనిపించవు. గంట రాయకుండా పిట్టల సంఖ్య ఒక్కటే రాస్తే అది పనికిరాదు. అమావాస్య, పౌర్ణములకు పోటు పెద్దది, కాబట్టి మృగశిర గారు తోసేసిన తిథి ఇక్కడ తప్పనిసరి.

మృగశిర:
తిథి మాట ఒప్పుకుంటాను, కాలువ మాట కూడా. కార్తెను మాత్రం వదలను. పాత సంగతులు పెద్దవాళ్ళను అడిగితే జవాబు కార్తెలోనే వస్తుంది. "చిత్తలో ఈనిక (వరి వెన్ను తీయడం), స్వాతిలో గాలివాన" అంటారు గానీ అక్టోబరు 24 అనరు. కార్తె తెలియని పిల్లలు ఆ మాటను పుస్తకంలో ఏ పేజీలో వేస్తారు?

గట్టుమీద_వేప:
అడగండి, తేదీల్లోకి మార్చి రాయండి. కానీ 1996 నవంబరు 6 తుపాను చూడండి. స్వాతి ముగిసి విశాఖ మొదలయ్యే అంచున వచ్చింది. ఒకరు స్వాతి అంటారు, ఇంకొకరు విశాఖ అంటారు, ఇద్దరిదీ తప్పు కాదు. ఇంకో జాగ్రత్త: హస్త, చిత్తల్లో విత్తనం గురించిన సామెతలు ఎక్కువగా మెట్ట సేద్యానివి. కాలువ కింద సార్వాకు అవి అతకవు.

ఇక పని సంగతి. కొబ్బరిని చూడొద్దు. నెలకో గెల చొప్పున ఏడాదంతా వేసే చెట్టు రుతువు ఏం చెబుతుంది? పాక్లోబ్యూట్రజోల్ మందు పోసిన మామిడి కూడా వద్దు, దాని పూత మందు చేతిలో ఉంటుంది. వేప, తాటి, చింత, మందు ఎరగని నాటు మామిడి మంచివి. ఒక్కో జాతికి మూడు చెట్లు: కాలువ గట్టున ఒకటి, ఇసుక దిబ్బ మీద ఒకటి, నీళ్ళు పోయని పెరట్లో ఒకటి. వీధి దీపం కిందిది వద్దు. చెట్టుకు నంబరు రాసి, ప్రతి వారం అదే రోజున చూడాలి. చిగురు, ముదురాకు, మొగ్గ, పువ్వు, కాయ, పండు, ప్రతిదానికీ మూడు మెట్లే: లేదు, కొద్దిగా (చెట్టులో మూడో వంతు లోపు), ఎక్కువ.

"లేదు" అని రాయడమే అన్నిటికన్నా ముఖ్యం. పోయిన వారం లేదు, ఈ వారం ఉంది అంటే పూత మొదలు ఏడు రోజుల లోపలే అని తేలుతుంది. కార్తె పేజీలో అదే పద్నాలుగు రోజులు. పోయినసారి గడి ఖాళీగా ఉంటే ఏమీ తేలదు.

వాన ఉదయం 8.30కు కొలవండి. 2.5 మిల్లీమీటర్లు, అంతకు మించి పడితేనే వాన రోజు.

ఎర్రనీరు:
గిజిగాడి గూడుకు "ఉంది, లేదు" చాలదు. టోపీ ఆకారంలో సగం గూడు కట్టి మగపిట్ట ఆపేస్తుంది, ఆడపిట్ట ఒప్పుకుంటేనే గొట్టం దించుతుంది. రెండు దశలూ వేరువేరుగా రాయించండి. వట్టి సగం గూళ్ళు లెక్కపెట్టి "గుడ్ల కాలం" అనుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

కోనసీమ_బడి:
వారం పేజీలే పెడతాం. కార్తె పేరు పేజీ అడుగున అచ్చువేయిస్తే మృగశిర గారి మాటా నిలుస్తుంది కదా?

గట్టుమీద_వేప:
అచ్చువేయొద్దండి. గడి ఖాళీగా ఉంచి, ఏడాది చివర పెద్దల చేత నింపించండి.

మృగశిర:
దానికి ఒప్పుకోను. ఏడాది చివర నింపితే పిల్లలకు కార్తె ఎప్పటికీ రాదు.

కోనసీమ_బడి:
అది బడిలో తేల్చుకుంటాం. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు. కాలువ కట్టేసి ఉండేది, మళ్ళీ నీళ్ళు వదిలేది అప్పుడే.

ఎర్రనీరు:
అయితే చెట్లను తరగతివారీగా పంచకండి, ఇల్లువారీగా పంచండి. గట్టున చెట్టు గట్టుకు దగ్గరి ఇంటి పిల్లకే. సెలవులకు ఊరెళితే పక్కింటివాళ్ళు రాసేలా చెట్టుకు ఇద్దరి పేర్లు పెట్టండి. నీళ్ళు వచ్చిన రోజు లాకు దగ్గర అడగడం కాదు, తమ చెట్టు ముందు కాలువలోకి ఎప్పుడొచ్చిందో చూసి రాయమనండి. శివారు భూములకు నీరు రోజుల ఆలస్యంగా చేరుతుంది.