ప్లింప్టన్ స్కేట్ మోడల్ వంపు తిరగట్లేదు, ఏటవాలుగా పోతోంది

1863లో న్యూయార్క్‌లో జేమ్స్ ప్లింప్టన్ పేటెంట్ తీసుకున్న నాలుగు చక్రాల స్కేట్ ఉంది కదా, దాన్ని టేకు చెక్కతో చేస్తున్నా. అంతకుముందు స్కేట్లలో చక్రాలు ప్లేటుకి బిగించేసి ఉండేవి, వంపు తిరగాలంటే నానా తంటాలు, ఈయన దాంట్లో మాత్రం ఒళ్ళు ఒక పక్కకి వాల్చితే చాలు, రబ్బరు నొక్కుకుని ఇరుసులు వాటంతటవే తిరుగుతాయి, అసలు మజా అదే. నాకేమో అదే రావట్లేదు.

ముందు, వెనక పివట్ పిన్నులు (ఇరుసులు వీటి చుట్టూనే తిరుగుతాయి) రెండూ 30 డిగ్రీలు ముందుకే వంచి పెట్టా. ఎడమకి వాల్చితే రెండు ఇరుసులూ ఒకే వైపు తిరుగుతున్నాయి, స్కేట్ ఎండ్రకాయలా అడ్డంగా పోతోంది. చక్రాలకి సుద్ద రాసి చూశా, గచ్చు మీద గీతలన్నీ తిన్నగా, ఏటవాలుగా పడ్డాయి, ఒక్కటీ వంపు లేదు. రబ్బరు 6 మిల్లీమీటర్ల నుంచి 10కి మార్చా, నట్టు ఒక చుట్టు వదులు చేశా, చక్రాలు కూడా మళ్ళీ సానబట్టా (రెండు సాయంత్రాలు దానికే పోయాయి), ఏం తేడా లేదు.

కొత్త రంధ్రం వేస్తే చెక్క పనికిరాకుండా పోతుందని భయం, అందుకే అడుగుతున్నా: వెనక పిన్నుని ముందుదానికి ఎదురుగా, అంటే వెనక్కి వంచి పెట్టాలా?