చర్చి గేటు దగ్గర కొత్తవాళ్లు అడిగితే నగదు ఇవ్వాలా, వద్దా?

ఖజానా_వరంగల్:
అందరికీ వందనాలు. మా సంఘంలో బీదల కానుక పెట్టె వేరుగా ఉంది. ఎంజీఎం ప్రభుత్వ దవాఖాన దగ్గరే కాబట్టి ఆరాధన ముగిసేసరికి గేటు దగ్గర ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. మందులకని ఒకరు, ఊరికి చార్జీలకని ఇంకొకరు. కమిటీలో సగం మంది నగదు వద్దంటున్నారు. మిగతావాళ్లు మత్తయి 5:42 చూపించి, అడిగినవాడికి ఇవ్వడమే మన పని అంటున్నారు. వాక్యంతో పాటు పద్ధతి కూడా చెప్పండి.

పరిచారకుడు_హన్మకొండ:
వద్దనే అంటాను. మందులకు అడిగితే ముందు ఓపీ చీటీ మీద తేదీ చూడండి. ఎంజీఎం ఫార్మసీలో ఆ మందు ఉంటే డబ్బు కట్టే పనే లేదు. లేదన్నారంటే మన మనిషి వెంట వెళ్లి కొనాలి. జనౌషధి షాపులో అదే మందు చాలా తక్కువకు వస్తుంది, కాకపోతే కంపెనీ పేరుతో కాక మందు అసలు పేరుతో అడగాలి. కొన్నాక షాపులోనే స్ట్రిప్‌ను ఒక గోలీ దగ్గర కత్తిరించమనండి, బిల్లు మన దగ్గర పెట్టుకోండి. సీలు చెదరని స్ట్రిప్, బిల్లు రెండూ చేతికిస్తే పది నిమిషాల్లో వాపసు చేసి నగదు తీసుకోవచ్చు. యాంటీబయాటిక్ అయితే మాత్రం చీటీలో ఎన్ని రోజులకు రాశారో అన్ని రోజులకూ కొనండి. పొదుపని రెండు రోజులకు కొనిస్తే జబ్బు పూర్తిగా తగ్గక మళ్లీ ముదరొచ్చు.

ఓరుగల్లు_బిడ్డ:
అన్నా, మందులది మంచిగ చెప్పినవ్. గని ములుగు దిక్కు నుంచి, ఛత్తీస్‌గఢ్‌ల బీజాపూర్ అడవుల నుంచి వచ్చి వార్డు బయట పండుకునేటోళ్లకు మందులొక్కటేనా ఖర్చు? బాత్రూంకు పైసలు, ఫోన్ రీచార్జి, ఆటో, ఆడోళ్లకు ప్యాడ్లు. ఇవన్నీ గేటు కాడ నిలబడి మనకు చెప్పుకోవాల్నా? లూకా 10లో దారిల దెబ్బలు తిని పడి ఉన్నోన్ని ఆదుకున్న సమరయుడు రెండు దేనారములు తీసి ఇచ్చిండు. దేనారమంటే కూలోని ఒక్కరోజు కూలి. అంటే నగదే గద.

పరిచారకుడు_హన్మకొండ:
ఇచ్చింది పూటకూళ్లవాడికి. గాయపడ్డవాడికి కాదు.

ఓరుగల్లు_బిడ్డ:
కొన ఊపిరితోని పడి ఉన్నోని చేతిల పైసలు ఎట్ల పెడ్తడన్నా? ముందు గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టిండు, తన పశువు మీద ఎక్కించిండు, ఆ రాత్రి దగ్గరుండి చూసుకున్నడు. పైసల ముచ్చట తెల్లారినంక వచ్చింది. మనం రాత్రి పని ఇడిసిపెట్టి తెల్లారి లెక్క కాడ కొట్లాడుతున్నం.

వార్డు_సిస్టరమ్మ:
ఆ రాత్రి పని గురించే నేను చెప్పేది. అన్నం ప్యాకెట్లు మంచం మీది రోగికి ఇవ్వకండి. ఆపరేషన్‌కు కనీసం ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. ఎవరో ప్రేమగా తినిపించిన ముద్దకు ఆపరేషన్ వాయిదా పడుతుంది. తోడున్నవాళ్లకే ఇవ్వండి. ఏ పూట తక్కువ పడుతుందో ముందు డ్యూటీ సిస్టర్‌ను అడగండి. పండుగ మధ్యాహ్నం పది మంది దాతలు ఒకేసారి వస్తే ప్యాకెట్లు చెత్తబుట్టకే.

40 మందికి 4 కిలోల బియ్యం, 400 గ్రాముల చింతపండుతో పులిహోర సరిపోతుంది. వేడివేడిగా కవర్‌లో కట్టేస్తే లోపల చెమటపట్టి తొందరగా పాడవుతుంది. వెడల్పు పళ్లెంలో ఆరబోసి కట్టాలి, వండిన నాలుగు గంటల్లో చేతికి అందాలి. మే నెలలో సాంబారన్నం, కొబ్బరి చట్నీ జోలికి పోవద్దు.

జంక్షన్_కాజీపేట:
చార్జీల సంగతి. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్. ఏటూరునాగారం చార్జీకని ఆడమనిషి అడిగితే అబద్ధమని వెంటనే తేల్చేయకండి. ఛత్తీస్‌గఢ్ మనిషికి అది వర్తించదు, ఇక్కడివాళ్లకైనా చిరునామా చూపే గుర్తింపు కార్డు ఉండాలి. మగవాళ్లయితే బస్టాండు దాకా వెళ్లి, బస్సెక్కించి, చార్జీ కండక్టర్ చేతికిచ్చి దిగే ఊరు చెప్పండి.

స్టేషన్‌లో ఒంటరిగా కనిపించే పిల్లల విషయం పూర్తిగా వేరు. డబ్బు ఇవ్వొద్దు, పాస్టరుగారింటికి తీసుకుపోవద్దు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, లేదా రైల్వే పోలీసులకు చెప్పండి. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం 24 గంటల్లో తెలియజేయాలి, ఆ బిడ్డను బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. దయతోనే అయినా చెప్పకుండా ఇంట్లో ఉంచుకుంటే కేసు కావచ్చు.

సువార్త_సేవకుడు:
అన్నీ బాగున్నాయి, వాక్యం ఎక్కడ? ప్యాకెట్‌లో ఒక కరపత్రం పెట్టకపోతే లయన్స్ క్లబ్‌కూ మనకూ తేడా ఏమిటి?

వార్డు_సిస్టరమ్మ:
బ్రదర్, ఆకలితో ఉన్న మనిషి కరపత్రం వద్దంటే అన్నం కూడా ఆగుతుందేమోనని భయపడతాడు. ఆ భయం మీద నిలిచే సువార్త నాకు వద్దు. వాళ్లే ప్రార్థన చేయమంటే చేద్దాం, అదీ వార్డు బయట. దవాఖాన లోపల కరపత్రాలు పంచితే రేపు ప్యాకెట్లను కూడా గేటు దాటనివ్వరు.

సువార్త_సేవకుడు:
ఒప్పుకోను. దీనికి వేరే చర్చ తెరుస్తాను.

ఖజానా_వరంగల్:
అసలు ప్రశ్నకు వస్తే, ఓరుగల్లు అన్న చెప్పిన చిన్న ఖర్చుల మాటేమిటి?

ఓరుగల్లు_బిడ్డ:
వారానికి 500 రూపాయలు ఇద్దరు పరిచారకుల చేతిల పెట్టుండ్రి, అండ్ల ఒకరు ఆడామె కావాలె. మనిషికి 100 దాకా కమిటీని అడగకుండ ఇయ్యచ్చు. పుస్తకంల తేదీ, ఎందుకిచ్చిండ్రు, ఎంత అని రాయుండ్రి, పేరు రాయకుండ్రి. మోసపోతే ఆ వంద పోతది, గంతే.

పరిచారకుడు_హన్మకొండ:
100 వరకైతే అభ్యంతరం లేదు. అయితే అదే మనిషి రెండో వారం కూడా వస్తే నగదు ఆపి, కూర్చోబెట్టి మాట్లాడాలి. అప్పటికి సమస్య చార్జీలది కాదు. ఆ ఇద్దరినీ మూడు నెలలకోసారి మార్చండి, లేకపోతే అడిగేవాళ్లు గేటు వదిలి వాళ్ల ఇంటికే వస్తారు.