టికింటర్ ట్రీవ్యూలో ఒత్తులు తెగిపోతున్నాయి, బెల్లం కాస్తా బెలం అయింది

గూడెం_కుర్రోడు:

నమస్తే అండి అందరికీ. మా మావయ్యది తాడేపల్లిగూడెంలో కిరాణా కొట్టు, ఆయనకి బిల్లింగ్‌కి చిన్న డెస్క్‌టాప్ యాప్ రాసిస్తున్నా పైథాన్ టికింటర్‌లో (విండోలు, బటన్లు చేసే లైబ్రరీ). సరుకుల పేర్లన్నీ తెలుగులోనే కావాలన్నాడు, కొట్లో కుర్రాళ్ళకి ఇంగ్లీషు పేర్లు వెతుక్కోవడం కష్టం అని. నా పీసీలో అంతా శుభ్రంగా ఉంది. కొట్లో ల్యాప్‌టాప్‌లో వేస్తే మొదట అక్షరాలన్నీ మసకమసగ్గా వచ్చాయి, వాట్సాప్‌లో పదిమంది చేతులు మారిన ఫోటోలాగా. ఎక్కడో చదివి సెట్‌ప్రాసెస్‌డీపీఐఅవేర్‌నెస్ అనే లైను ఒకటి పెట్టా, మసక పోయింది, హమ్మయ్య అనుకునేలోపు సరుకుల లిస్టు (ట్రీవ్యూ, అంటే వరసలు కాలమ్‌ల పట్టిక) చూస్తే ఒత్తులన్నీ ఎగిరిపోయాయి!! బెల్లం "బెలం", చక్కెర "చకెర", పల్లీలు "పలీలు". కందిపప్పులో ప ఒత్తు పక్కగా ఉంటుంది కాబట్టి సగం కనపడుతోంది, అదో ముచ్చట. మావయ్య చూసి "ఏరా నువ్వు ఏ బళ్ళో చదివావు" అన్నాడు నలుగురిలో.

ఫాంటు నిర్మలా యూఐ, సైజు 10. గౌతమి పెట్టి కూడా చూశా, ఇంకా అధ్వాన్నం. నాకు అర్థం కానిదేంటంటే లిస్టు పైన హెడ్డింగులు, బటన్లు, లేబుళ్ళు అన్నీ బానే ఉన్నాయి, లోపల వరసలు మాత్రమే తెగుతున్నాయి. ఇది ఫాంటు గొడవా, యూనికోడ్ గొడవా, ఆ ల్యాప్‌టాప్ గొడవా?

ఇంకోటి కూడా ఉంది, "బిల్లు కొట్టు" బటన్‌కి పచ్చరంగు పెడితే అంచు చుట్టూ సన్నగా పచ్చగీత వస్తోంది తప్ప లోపలంతా బూడిద రంగే. ఎవరైనా చెప్పి పుణ్యం కట్టుకోండి.

పాత_టీకే_మనిషి:

హెడ్డింగులు బానే ఉన్నాయన్నావు చూడు తమ్ముడూ, అక్కడే దొరికిపోయింది. ఫాంటు తప్పయితే హెడ్డింగులూ తెగాలి, యూనికోడ్ తప్పయితే లేబుళ్ళలో డబ్బాలు రావాలి. ల్యాప్‌టాప్ పాపం ఏం చేసింది.

లేబుల్, బటన్, ట్రీవ్యూ హెడ్డింగు, ఇవన్నీ నువ్విచ్చిన ఫాంటు ఎత్తు చూసుకుని తమ సైజు తామే పెంచుకుంటాయి. ట్రీవ్యూ లోపలి వరస అలా కాదు. దాని ఎత్తు 20 పిక్సెళ్ళని టికింటర్ వెనకుండి అన్నీ గీసే టీకే 8.6లో రాసిపెట్టేశారు, నువ్వు మార్చేదాకా అంతే. ఫాంటు సైజేమో నువ్వు పాయింట్లలో ఇచ్చావు, అంగుళంలో 72వ వంతు ఒక పాయింటు, మరి అంగుళానికి ఎన్ని పిక్సెళ్ళో విండోస్ చెప్పాలి. ఆ కొట్టు ల్యాప్‌టాప్‌లో డిస్‌ప్లే స్కేలింగ్ 150 శాతం ఉండుంటుంది, చూడు. నువ్వు ఆ డీపీఐ (అంగుళానికి ఎన్ని పిక్సెళ్ళు అన్న లెక్క) లైను పెట్టకముందు విండోస్ నీ యాప్‌కి అంగుళానికి 96 అని అబద్ధం చెప్పింది, 10 పాయింట్లు అంటే 13 పిక్సెళ్ళు, వరసలో చక్కగా పట్టింది, ఆ తర్వాత మొత్తం విండోని బొమ్మలా సాగదీసింది, అదే నీ మసక. లైను పెట్టాక నిజం చెప్పింది, 144 అని. ఇప్పుడు అవే 10 పాయింట్లు 20 పిక్సెళ్ళు, దానికి పైనా కిందా ఖాళీ కలిస్తే ఇంకా ఎక్కువ, వరస మాత్రం ఇంకా 20 దగ్గరే కూర్చుంది. అంటే నువ్వు పెట్టిన లైను కరెక్టే, అది దాగున్న తప్పుని బయటపెట్టిందంతే.

ఇంగ్లీషులో రాసుకునేవాళ్ళకి మహా అయితే జీ తోక, వై తోక పోతాయి, వాళ్ళు పట్టించుకోరు కూడా. మనకి కింద ఉన్నది తోక కాదు కదా, ఒక అక్షరం.

చేయాల్సింది ఏంటంటే, టికింటర్‌లో ఫాంట్ మాడ్యూల్‌తో ఒక ఫాంట్ ఆబ్జెక్టు చేసుకో, దాన్ని మెట్రిక్స్ అని పిలిచి లైన్‌స్పేస్ అడుగు, ఒక లైను నిజంగా ఎన్ని పిక్సెళ్ళ ఎత్తో చెప్తుంది. దానికి ఒక 6 కలిపి స్టైల్ కాన్ఫిగర్‌లో ట్రీవ్యూ అనే పేరుకి రోహైట్‌గా, అంటే వరస ఎత్తుగా, ఇచ్చెయ్. 32 అనో 40 అనో నీ అంకె గుద్దావంటే రేపు ఇంకో ల్యాప్‌టాప్‌లో మళ్ళీ ఇదే పోస్టు వేస్తావ్. ఆ ఫాంట్ ఆబ్జెక్టుని సెల్ఫ్‌లో దాచు, ఫంక్షన్ లోపల లోకల్ వేరియబుల్‌గా వదిలేస్తే ఫంక్షన్ అయిపోగానే పైథాన్ చెత్తలో పారేస్తుంది, ఫాంటు మళ్ళీ డిఫాల్ట్‌కి పోతుంది. బటన్ మీద ఐకాన్ ఖాళీగా వస్తోందని వారానికొకరు అడుగుతారు, ఫోటోఇమేజ్‌ది కూడా ఇదే రోగం.

డీపీఐ లైను టీకే విండో తయారయ్యే ముందే ఉండాలి, తర్వాత పెడితే సగం సగం పనిచేస్తుంది. ఇంకా అది ఎస్‌హెచ్‌కోర్ (shcore) అనే డీఎల్ఎల్‌లో ఉంటుంది, విండోస్ 8.1 నుంచే వచ్చింది, కొట్లో ఎక్కడైనా విండోస్ 7 ఉంటే అక్కడే పడిపోతుంది, ట్రై ఎక్సెప్ట్‌లో పెట్టుకో.

ఓరుగల్లు_క్యూటీ:

అన్నా ఏమనుకోకు గానీ టికింటర్ ఎందుకు పట్టుకున్నవ్? పైసైడ్6 పట్టు, అది గూడ ఇసొంటి విండోల లైబ్రరీనే, అందులో క్యూటీ 6 కాబట్టి హై డీపీఐ దానంతటదే చూసుకుంటది, ఈ లొల్లే ఉండది. నేను ఇంతకుముందు లైనక్స్‌ల టికింటర్‌తోని తెలుగు చూపియ్యబోయి తల పట్టుకున్న, అక్కడ ఒత్తు తెగుడు కాదు, ఒత్తు పుట్టనే పుట్టది. బె, తర్వాత ల, దానికి పొల్లు, మళ్ళ పక్కన ఇంకో ల, ఇట్ల వరుసగ నిలవడ్తయ్ బస్సు కోసం నిలవడ్డట్టు. టీకే 8.6 లైనక్స్‌ల ఒక్కో కోడ్ ఒక్కో బొమ్మగ గీస్తది, కలిపి ఒత్తు చేసే పని దానికి రాదు. క్యూటీల ఆ పని హార్ఫ్‌బజ్ చేస్తది, విండోస్ అయినా లైనక్స్ అయినా ఒక్క తీరుగనే వస్తది. మీ మావయ్యకు రేపు ఎవరన్న ఉబుంటు ఎక్కించి ఇస్తే ఏం చేస్తవ్ మరి?

గూడెం_కుర్రోడు:

భాయ్ ఇప్పటికే 3 వేల లైన్లు రాసేశా, దసరాకి ముందు ఇచ్చెయ్యాలి, ఇప్పుడు క్యూటీ అంటే మావయ్య నన్ను గోతాంలో పెట్టి కుట్టేస్తాడు. కొట్లో ఉన్నది విండోస్ 10 ఒక్కటే. 

పాత_టీకే_మనిషి గారూ మీరు చెప్పినట్టే చూశా, స్కేలింగ్ 150 శాతమే ఉంది, లైన్‌స్పేస్ అడిగితే 27 అంది, నా పీసీలో 18. 27 ఎత్తుని 20లో కుక్కుతున్నానన్నమాట ఇన్నాళ్ళూ. కానీ రోహైట్ ఇచ్చినా మారలేదండి!! ఫాంటు కూడా స్ట్రింగ్‌లో నిర్మలా యూఐ 10 అని రాస్తే "యూఐ అనేది అంకె కాదు" అని ఎర్రర్ కొట్టింది, అదేం తిట్టో అర్థం కాలేదు, టపుల్‌లో ఇస్తే ఊరుకుంది.

పాత_టీకే_మనిషి:

స్ట్రింగ్‌లో ఇస్తే టీకే స్పేసుల దగ్గర విరుస్తుంది. ఫాంటు పేరు నిర్మలా, సైజు యూఐ అనుకుంది. స్పేసున్న పేరుకి టపులే.

రోహైట్ మారకపోవడానికి నాకు ఒకటే తోస్తోంది, ఆ పచ్చబటన్ కోసం నెట్‌లో చూసి థీమ్ యూజ్ క్లామ్ అని, అంటే క్లామ్ అనే థీముకి మారమని, కింద ఎక్కడో పెట్టావా? స్టైల్ సెట్టింగులు అప్పుడున్న థీముకే అంటుకుంటాయి. వరస ఎత్తు విండోస్‌లో మామూలుగా వచ్చే విస్టా థీముకి ఇచ్చి, తర్వాత క్లామ్‌కి మారావనుకో, క్లామ్ దగ్గర ఇంకా పాత 20 ఏ. అద్దెకున్న ఇంటికి రంగులేయించి మర్నాడు ఇల్లు మారినట్టు. థీమ్ మార్చే లైను అన్నిటికంటే పైకి తెచ్చి, మిగతావన్నీ దాని కింద పెట్టు.

బటన్ సంగతి. విండోస్‌లో టీటీకే (టీకేలోనే థీములతో నడిచే కొత్త రకం బటన్లు, లిస్టులు) డిఫాల్ట్ థీము విస్టా, అందులో బటన్ని గీసేది విండోసే, టీటీకే కాదు, నువ్వు పచ్చ అంటే వెనకాల గోడకి పచ్చ వేసి దానిమీద విండోస్ బటన్ అతికిస్తుంది, అందుకే అంచుల్లో గీత. క్లామ్‌లో బటన్ని టీటీకే తానే గీస్తుంది కాబట్టి రంగు పడుతుంది. కానీ మౌస్ పెట్టగానే మళ్ళీ బూడిదరంగుకి పోతుంది, కంగారు పడకు, ఆ యాక్టివ్ స్థితికి థీములో ముందే ఒక రంగు మ్యాప్ చేసి ఉంటుంది, స్టైల్ మ్యాప్‌లో యాక్టివ్‌కి కూడా నీ పచ్చ ఇవ్వాలి. ఇదంతా ఎందుకు అనుకుంటే, ఒక్క బటనే కదా, టీటీకే వదిలేసి మామూలు పాత టీకే బటన్ పెట్టు, విండోస్‌లో బీజీ ఇస్తే చచ్చినట్టు పచ్చగా వస్తుంది. మ్యాక్‌లో అదీ వినదు, నీకు మ్యాక్ లేదుగా.

ఓరుగల్లు తమ్ముడూ, లైనక్స్ సంగతి నువ్వన్నది నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. కానీ క్యూటీలో లొల్లే లేదంటే ఒప్పుకోను. పుష్‌బటన్‌కి స్టైల్‌షీట్‌లో బ్యాక్‌గ్రౌండ్ ఒక్కటే రాసి చూడు, బోర్డర్ కూడా చెప్పేదాకా రంగు పడకపోవచ్చని వాళ్ళ డాక్యుమెంట్లోనే రాసుకున్నారు. సొంతంగా గీసుకునేది ఎవరు, సిస్టమ్‌తో గీయించేది ఎవరు అన్న పంచాయితీ అక్కడా ఉంది.

అక్షరాల_పిచ్చి:

గౌతమి గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. గౌతమి విండోస్ ఎక్స్‌పీ రోజుల నుంచి ఉంది, నిర్మలా యూఐ విండోస్ 8తో వచ్చింది. విండోస్ 10లో గౌతమి, వాణి రెండింటినీ తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని ఆప్షనల్ ఫీచర్లలోకి నెట్టేశారు, తెలుగు భాష చేర్చుకోని సిస్టంలో ఉండకపోవచ్చు. లేని ఫాంటు పేరు ఇస్తే టీకే కిక్కురుమనదు, ఎర్రర్ ఇవ్వదు, ఇంకేదో ఫాంటు తెచ్చి వేసేస్తుంది, మనం గౌతమిని తిట్టుకుంటూ కూర్చుంటాం. ఫాంట్ ఫ్యామిలీస్ లిస్టు ప్రింట్ చేసి పేరు ఉందో లేదో చూసుకోండి ముందు. ఒకవేళ నిజంగానే గౌతమి ఉంటే దాని లైను ఎత్తు ఎక్కువ, 20లో అసలు పట్టదు.

టెస్టింగ్‌కి బెల్లం సరిపోదు, "స్త్రీ", "లక్ష్మి" లాంటివి పెట్టి చూడండి, పైన గుడి కింద రెండు ఒత్తులు. అవి పట్టాయంటే ఇక ఏదైనా పడుతుంది. మీ మావయ్య కొట్లో లక్ష్మి బ్రాండు ఏదో ఒకటి ఉండే ఉంటుంది లెండి.

ఇంకో చిన్న మాట, స్టాకు అయిపోయిన వరసలకి ట్యాగుతో ఎర్రరంగు వేద్దామనుకుంటే ముందు టీకే ప్యాచ్‌లెవెల్ (పూర్తి వెర్షన్ నంబరు) చూసుకోండి, టీకే 8.6.9లో ట్రీవ్యూ ట్యాగు రంగులు పనిచేయని బగ్ ఉంది, పైథాన్ 3.7.3 విండోస్ ఇన్‌స్టాలర్‌తో అదే వచ్చేది. నేను రెండ్రోజులు నా కోడే తప్పనుకున్నా.

గూడెం_కుర్రోడు:

థీమ్ లైను కిందే ఉందండి!!! మెయిన్ ఫైల్లో 400వ లైను దగ్గర, నేనే పెట్టి మర్చిపోయా. పైకి తెచ్చా, వరసలన్నీ విచ్చుకున్నాయి. లక్ష్మి కూడా పట్టింది, మ ఒత్తుతో సహా. ఫ్యామిలీస్ లిస్టులో గౌతమి లేదు, నేను తిట్టుకున్నది ఏ ఫాంటునో ఏమో. బటన్‌కి పాత టీకే బటనే పెట్టేశా.

ఇప్పుడు వరసలు లావయ్యేసరికి కాలమ్ వెడల్పులు చాలట్లేదు, "పుట్నాల పప్పు" సగంలో తెగుతోంది. అవి కూడా పిక్సెళ్ళేనా?

పాత_టీకే_మనిషి:

అవీ పిక్సెళ్ళే. ఫాంట్ ఆబ్జెక్టుకి మెజర్ అని ఇంకో మెథడ్ ఉంది, పేరు ఇస్తే వెడల్పు ఎంతో చెప్తుంది, అన్ని సరుకుల్లో పెద్దది చూసి పక్కన కాస్త ఖాళీ కలిపి కాలమ్‌కి ఇవ్వు.

గూడెం_కుర్రోడు:

అయిపోయిందండి, సాయంత్రం కొట్లో చూపించా. మావయ్య కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందిదాకా చదివి, ఒత్తుల గురించి ఒక్క ముక్క అనలేదు, "ధర ఏంట్రా ధర, రేటు అని పెట్టు" అన్నాడు.