క్రోమియం నీటిలో గుర్రపుడెక్క: ఎంత వేయాలి, ఎప్పుడు తీయాలి?

(ఫోరంలో ఒకరి ప్రశ్న, ముగ్గురు సభ్యుల జవాబులు)

నీటితొట్టి:
ప్లేటింగ్ (లోహపు పూత) యూనిట్ కడుగునీరు 10,000 లీటర్లు, లోతు 60 సెం.మీ. హెక్సావాలెంట్ క్రోమియం (క్రోమియంలో ఎక్కువ విషపు రూపం) లీటరుకు 1 మి.గ్రా. ఉంది. చెరువులోకో కాలువలోకో వదలాలంటే 0.1 మి.గ్రా. దాటకూడదు. గుర్రపుడెక్క ఎంత వేయాలి? వేసిన నాలుగు రోజులకే లేత ఆకులు పసుపెక్కాయి, కారణం ఏంటి? తీసిన మొక్కని కంపోస్టు చేయొచ్చా?

జమ్ముగడ్డి:
ముందు లెక్క చూడండి. తొట్టిలో మొత్తం క్రోమియం 10 గ్రాములు, అందులో 9 తీయాలి. ఎండు మొక్క కిలోకి 500 మి.గ్రా. పట్టుకుందనుకుంటే 18 కిలోల ఎండు మొక్క కావాలి. పచ్చి మొక్కలో 95 శాతం నీరే కాబట్టి 360 కిలోలు. మీ తొట్టి వైశాల్యం దాదాపు 17 చదరపు మీటర్లు, అంటే చదరపు మీటరుకు 21 కిలోలు. నీరు కనపడనంత కిక్కిరిసిన చాప అన్నమాట. ఆ 500 నేను అనుకున్న అంకె, మీ మొక్కల వేర్లని ల్యాబులో కొలిపించుకోండి.

వేరుముక్క:
లెక్క సరే గానీ, ఆ పని మొత్తం మొక్క నెత్తిన ఎందుకు వేయాలండీ? 10 గ్రాముల హెక్సావాలెంట్‌కి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 160 గ్రాములు చాలు, కాస్త ఎక్కువగా 200 వేయండి. పీహెచ్ (నీటి పులుపు-క్షార కొలత) 3 దగ్గర కలిపి, తర్వాత సున్నంతో 8.5కి తెస్తే, అది ట్రైవాలెంట్ క్రోమియంగా (తక్కువ విషపు రూపం) మారి మడ్డిగా దిగిపోతుంది. మిగిలిన కొసరుకే మొక్క, అదీ పీహెచ్ 7కి దించాకే.

పసుపు సంగతి: క్రోమేట్ (నీటిలో హెక్సావాలెంట్ ఉండే రూపం) సల్ఫేట్‌ని పోలి ఉంటుంది, వేరులోకి సల్ఫేట్ దారినే దూరుతుంది. నీటిలో సల్ఫేట్ ఎక్కువుంటే పీల్చడం తగ్గేది అందుకే. అన్నభేది కూడా సల్ఫేటే, అది గుర్తుంచుకోండి. లోపలికెళ్లాక సన్న వేర్లు దాన్ని ట్రైవాలెంట్‌గా మార్చి చాలావరకు అక్కడే ఆపేస్తాయి. ఆ క్రమంలో ఇనుము అందడం దెబ్బతింటుంది, ఆ లోపం ముందు లేత ఆకుల్లో కనిపిస్తుంది. ముదురు ఆకులు పసుపెక్కితే మాత్రం నత్రజని కొరత. ఇనుముకి లీటరు నీటిలో 5 గ్రా. అన్నభేది, 1 గ్రా. నిమ్మ ఉప్పు కలిపి ఆకులపై చల్లండి. ఫైటోకెలేటిన్లు (లోహాలని పట్టి ఉంచే మొక్క పదార్థాలు) కాపాడతాయని చదివి ఉంటారు, అది ప్రధానంగా కాడ్మియం కథ.

దిబ్బగుంట:
కంపోస్టు వద్దు, పశువులకీ వద్దు. కాల్చితే బూడిదలో ట్రైవాలెంట్ కొంత మళ్లీ హెక్సావాలెంట్ కావచ్చు. 7–10 రోజులకి, ముదురు ఆకులు కుళ్లక ముందే, వేర్లు తెగకుండా వలతో ఎత్తండి. కుళ్లితే పట్టుకున్నదంతా నీటిలోకే. టార్పాలిన్ మీద ఆరబెట్టి, కారిన నీటిని తొట్టిలోకే మళ్లించండి. ఎండినదీ, పైన చెప్పిన మడ్డీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే పంపాలి, హైదరాబాద్ వైపైతే దుండిగల్. పరీక్షలో హెక్సావాలెంట్ ఒక్కటే చూడకండి, మొత్తం క్రోమియం కూడా చూడండి. దానికి పరిమితి లీటరుకు 2 మి.గ్రా.