లేహ్‌లో దిగిన మర్నాడే ట్రెక్ మొదలెట్టొచ్చా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. ఆగస్టులో నేనూ మా బావమరిదీ లద్దాఖ్‌లోని మార్ఖా లోయకు ట్రెక్‌కి వెళ్తున్నాం. సెలవులు తక్కువ. వాడేమో "ప్రతి ఆదివారం నంది కొండ ఎక్కుతున్నాంగా, లేహ్‌లో ఆగడం దండగ" అంటాడు. నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: నంది కొండ కాళ్లకు మంచిదేనండీ, ఎత్తు అలవాటుకు పనికిరాదు. అది 1,500 మీటర్లు కూడా లేదు. లేహ్ 3,500, మీ దారిలోని కాంగ్‌మారు లా కనుమ 5,200 పైనే! విమానం దిగాక కనీసం రెండు రోజులు ఊరికే ఉండండి. దారిలో తలనొప్పి, వాంతులు మొదలైతే ఇంకా పైకి వెళ్లొద్దు. తగ్గకపోతే దిగిపోవడమే మందు.

ఇంకొకరు: ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్ర గురించి ముందే డాక్టర్‌ని అడగండి. సల్ఫా మందులు పడకపోతే తప్పక చెప్పండి. వేసుకుంటే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, సోడా రుచి చెడుతుంది. కంగారు పడొద్దు.

అడిగినవారు: బావమరిదికి చదివి వినిపించా. "సరే, లేహ్‌లో తుక్పా తింటూ కూర్చుందాం" అన్నాడు. టికెట్లు మారుస్తున్నా.